ఏడవ అక్షరం

ఒక మనిషి తన పుస్తకంలో అంశాలను వరుసగా పేర్చిన తీరు చూచి మరొక మనిషికి అన్నం సహింపకపోవచ్చునని నాకు డెబ్బది యొకటవ ఏట తెలిసింది. ఆ రెండవ మనిషిని నేనే. మొదటివాడు నా సహాధ్యాయి. ప్రాచ్య కళాశాలలో నాలుగేండ్లు ఒకే బల్లమీద కూర్చొని, ఒకే గురువు వద్ద వ్యాకరణం చదువుకొన్నాము. తరువాత నేను పత్తికొండలోనూ కర్నూలులోనూ తెలుగు పండితుడనై జీవితం గడిపాను. అతడు కడప జిల్లాలో ఉద్యోగం చేసి, విరమణానంతరం స్వస్థలమైన వేంపల్లెలో నిలిచాడు. చదువుకొనే రోజులలో ప్రతి పరీక్షలోనూ నాకు అతనికంటె రెండు మూడు మార్కులు ఎక్కువ వచ్చేవి. అతడు వాటిని ఎన్నడో మరచిపోయి ఉంటాడు. నేను మాత్రం ఏబది ఏండ్లుగా పెట్టెలో పట్టుబట్టవలె భద్రపరచుకొన్నాను.

విశ్రాంతి దొరికిన తరువాత ఇద్దరమూ చెరియొక గ్రంథానికి పూనుకొన్నాము. నాది ఛందస్సు మీద, అతనిది సంధి ప్రకరణం మీద. నాది ముందుగా అచ్చయింది. దానికి ముందు కర్నూలు పాత ఊరిలోని ఒక డీటీపీ దుకాణంలో నేను పడిన పాట్లు చెప్పుకోదగినవి. చేతివ్రాత ప్రతిలో నేను గణాలనూ యతిభేదాలనూ ౧, ౨, ౩ అని తెలుగు అంకెలతో, వాటి లోపలి భేదాలను అ, ఆ, ఇ అని అక్షరాలతో వరుసపెట్టాను. తెరమీద మాత్రం ప్రతి అంశం ముందూ ఒక నల్లని చుక్క మొలిచేది. చుక్కను తీయిస్తే ఆంగ్లాక్షరం వచ్చేది. తెలుగు ఛందోగ్రంథంలో ఆంగ్లాక్షరమా అని నేను అరిస్తే, టైపు చేసే అమ్మాయి చల్లగా జవాబు చెప్పేది.

"నేనేం చేయల్యా సార్. ఎంటర్ కొడితే అదే వేసుకుంటాంది."

"అది వేసుకుంటే నువ్వు తీసెయ్యమ్మా."

"తీస్తే కింద నంబర్లన్నీ మారిపోతాండాయి సార్. మీరే చెప్పండి, ఏది గావాలనో."

చివరకు చుక్కలతోనే అచ్చయింది. అంశం రెండవ పంక్తికి పోయినప్పుడెల్లా ఆ పంక్తి వెనుకకు జారి చుక్క కింద కూలబడింది. యతిప్రకరణం తెరిస్తే దాడిపాలైన తోటవలె ఉండేది. చూచినవారు విషయం బాగుందన్నారు. విషయం బాగుందనడంలో మిగిలినదాని గురించి మౌనం ఉంటుందని పండితునికి వేరే చెప్పనక్కరలేదు.

అటుతరువాత కొన్ని నెలలకు అతడు కన్ను చూపించుకోవడానికి కర్నూలు వచ్చాడు. మా ఇంట్లో దిగి, భోజనానంతరం సంచిలోనుంచి పది పదిహేను కాగితాలు తీసి నా చేతిలో పెట్టాడు. అవి అతని గ్రంథంలోని కొన్ని పుటలు.

ప్రధానాంశాలకు తెలుగు అంకెలున్నాయి. లోపలి అంశాలకు కుండలీకరణాలలో అచ్చులున్నాయి. ఇంకా లోపలివాటికి సన్నని అడ్డగీత. గుర్తులన్నీ ఒక నిలువుగీతకు ఆనించినట్లు నిలిచాయి. పది దాటి అంకెలు రెండైన చోట కూడ వాటి కుడి అంచులు కలిసే ఉన్నాయి. రెండవ పంక్తి వెనుకకు జారలేదు. మొదటి పంక్తి తొలి అక్షరం కిందనే వినయంగా నిలిచింది. అంశానికీ అంశానికీ నడుమ చదువరి ఊపిరి తీసుకొనేంత ఎడం ఉంది, అంతకు మించి లేదు. నా చేతివ్రాత ప్రతిలో నేను కోరుకొన్నదీ, నా అచ్చు పుస్తకంలో నాకు దక్కనిదీ ఇదే. నేను కాగితాలను దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని, వెనుకకు తిప్పి కూడ చూశాను.

"యాడ చేయించినావప్పా?" అని అడిగాను. గొంతు మామూలుగానే పలికిందనుకొంటాను.

"యాడా చేయించల్యా. నేనే చేసినా."

"నువ్వా?"

"నేనే. కంప్యూటరులో ఒక కూర్పు పద్ధతి ఉండాదప్పా. పుటను చూసుకుంటా కొట్టేది గాదు. ఇది పట్టిక, ఇది అంశము అని ఆజ్ఞలు రాసుకుంటా పోవాల. దాని ముందర ఏ గుర్తు ఉండాల, ఎంత ఎడం ఇడవాల అనేది పైన ఒకసారి రాసిపెడితే శాలు. పుటను అదే కట్టుకుంటాది. మా పక్కింటి లెక్కల సారు నేర్పినాడు. శానా ఓపిక ఆయనకు."

అతనికి మార్కులు తక్కువ వచ్చిన రోజులన్నీ నాకు ఒక్కసారిగా గుర్తుకు వచ్చాయి. ఏమి ప్రయోజనం?

ఆనాటి సాయంకాలం విశ్రాంత పండితులము కొందరము గ్రంథాలయం మేడమీద కూడుకొనే రోజు. అతనిని వెంటబెట్టుకొని పోయాను. పుటలు చేతులు మారాయి. ఒకాయన అక్షరాలను వేలితో తడిమి చూశాడు. ఇంకొకాయన, నా వైపు చూడకుండా, పుస్తకమంటే ఇట్లుండవలెనన్నాడు. పుటలు తిరిగి నా వద్దకు వచ్చేసరికి నేను తప్పు కోసం వెదుకుతున్నాను. వెదికితే దొరికింది. అక్షరాల వరుసలో ఊకారం తరువాత అతడు నేరుగా ఎకారం వేశాడు.

"అంతా బాగుండాదప్పా. ఋకారాన్ని మాత్రం ఎవరెత్తుకపోయినారు?" అన్నాను. అందరూ తలలెత్తారు. "వ్యాకరణ పుస్తకంలోనే ఋకారం లేకపోతే ఇంగ ఋషులు యాడ తలదాచుకోవాల? ఏడాదికి ఋతువులు యాడి నుంచి రావాల?"

మేడ దద్దరిల్లేటట్టు నవ్వారు. అతడూ నవ్వాడు. "పిల్లోళ్ళకు సులువుగా ఉంటాదని ఇడిసిపెట్టినా" అని మెల్లగా అంటూ, అంత చక్కని కాగితాలను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొన్నాడు. పట్టికలలో ఋ, ౠలను విడిచిపెట్టడం లోకంలో ఉన్న అలవాటే. నా ఛందోగ్రంథం చేతివ్రాత ప్రతిలో నేనూ విడిచినవాడనే. ఆ సంగతి ఆ మేడమీద నాకొక్కనికే తెలుసు.

రెండు నెలలు గడచిన తరువాత కడపలో బంధువుల ఇంట శుభకార్యమని వంక పెట్టుకొని వేంపల్లె వెళ్ళాను. నిజానికి ఆ యంత్రాన్ని చూడవలెనని మనసు పీకుతున్నది. అతని వీధి గదిలో కంప్యూటరు ముందు రెండు కుర్చీలు పక్కపక్కనే వేసి ఉన్నాయి. ఒకదానిలో అతడు, రెండవదానిలో లెక్కల సారు. ఆయన కళాశాలలో గణితం బోధించి విరమించిన ముస్లిం పెద్దమనిషి. తెల్లని గడ్డం, చేతిలో చాయ్ గ్లాసు. నన్ను చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చాడు.

"రాండి పండితులూ. మావాడు దినామూ మీ మాటే చెప్తాంటాడు."

మావాడు! నాలుగేండ్లు ఒకే బల్లమీద కూర్చొన్నవాడు నాకు ఏనాడూ మావాడు కాలేదు. నేను కుర్చీలో కూర్చొన్నాను కాని అది ఇంకొకరి కుర్చీ అని తెలుస్తూనే ఉంది.

అతడు తెరమీద పైభాగం చూపాడు. అచ్చులన్నీ ఒకే పంక్తిలో, కామాలతో వేరుపడి, బడిలో నిలుచున్న పిల్లలవలె ఉన్నాయి.

"ఇదో చూడు. ఈ ఒక్క పంక్తిని బట్టే పుస్తకంలో లోపలి అంశాలన్నిటికీ అక్షరాలు పడతాయి. నువ్వు చెప్పిన ఋకారమూ దాని దీర్ఘమూ ఈడ చేర్చినా. అంతే, పుస్తకమంతా మారిపోయింది. చూసినావా?"

చూశాను. నా ఎత్తిపొడుపును అతడు పాఠంగా స్వీకరించాడు. దానికి నేను సంతోషింపవలసి ఉంది. అంత సులభంగా దిద్దుకోగలిగినందుకు మరింత మండింది.

"ఒక్కటి మాత్రం నా మాట వినడు పండితులూ," అన్నాడు లెక్కల సారు. "ప్రతి అంశానికీ ఒక లోపలి పేరు పెట్టుకో, 'ఫలానాది చూడుడు' అనాల్సిన చోట ఆ పేరు రాయి, అక్షరాన్ని యంత్రమే ఎతుక్కుంటాది అంటా. ఈయన చేత్తోనే కొడతాడు, 'ఎ చూడుడు', 'ఏ చూడుడు' అని."

"నా పుస్తకంలో ఏ సూత్రం యాడుండాదో నాకు తెలీదా సారూ? నా ఇంట్లో నేను పడసాలకు పోయేదానికి దారి జూపే మనిషి గావాల్నా?"

"ఉంటే తప్పేముంది? కరెంటు పోతాది గదా ఒగోసారి."

ఇద్దరూ నవ్వుకొన్నారు. ఆ పరిహాసం వారికి పాతదని తెలుస్తూనే ఉంది. నేనూ నవ్వాను, ఆలస్యంగా. తరువాత అతడు నా రెండవ ముద్రణకు పనికివస్తుందని పట్టిక అంచును ఎట్లు జరపవలెనో, గుర్తుకూ మాటకూ నడుమ ఎడాన్ని ఎట్లు కొలువవలెనో చూపబోయాడు. నాకు అక్కరలేనట్టు కిటికీ వైపు చూస్తూ, ప్రతి మాటా విన్నాను.

బయలుదేరేటప్పుడు గ్రంథం మొత్తం కాగితాలమీద అచ్చుతీసి, దారంతో కట్టి నా చేతిలో పెట్టాడు. "నీ కన్ను పడితే తప్పు మిగలదప్పా. వచ్చేవారం గాదు, ఆపై సోమవారం ప్రెస్సుకిస్తాండా. చూసి చెప్పు."

కర్నూలు చేరి, మరునాటి నుంచి చదవడం మొదలుపెట్టాను. రెండు దినాలు తప్పు దొరకక నీరసపడ్డాను. మూడవనాడు ఉత్వసంధి దగ్గర ఆగాను. ఈ నిషేధానికి ఎ చూడుడు అని ఉంది. ఎ చూశాను. అక్కడ సంధి నిత్యమని ఉంది. సంధి చేయరాదని చెప్పే చోటికి పంపవలసిన చదువరిని, చేసి తీరవలెనని చెప్పే చోటికి పంపుతున్నాడు. నిషేధం రెండంశాలు పైన, ఋకారం వద్ద ఉంది.

ఏమి జరిగిందో తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. ఋకారం లేని రోజులలో ఏడవ అంశం ఎ. ఋకారమూ దాని దీర్ఘమూ వచ్చి కూర్చోగానే ఏడవది ఋ అయింది, ఎ తొమ్మిదవ స్థానానికి జరిగింది. యంత్రం వేసిన అక్షరాలన్నీ జరిగాయి. అతడు చేత్తో కొట్టిన చూడుడులు మాత్రం పాత చోటనే నిలిచిపోయాయి. ఆరు అంశాలు దాటిన ప్రతి పట్టికలోనూ ఇదే స్థితి. ఒకచోట ఏ చూడుడు అన్నాడు. ఆ పట్టికలో ఉన్నవే ఎనిమిది అంశాలు, ఏ అన్నది పుటలోనే లేదు.

అప్పుడు నాకు కలిగినది ఆనందమే. దానికి వేరే పేరు పెట్టను. కాగితాలు బల్లమీద పెట్టి, వసారాలోకి వచ్చి, చల్లని నీళ్ళు తాగి, మళ్ళీ లోపలికి పోయి తప్పులన్నింటినీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించడం మొదలుపెట్టాను. పుట, పట్టిక, ఉన్న అక్షరం, ఉండవలసిన అక్షరం. ఎంత శ్రద్ధగా వ్రాశానో! నా గ్రంథానికి కూడ అంత శ్రద్ధ తీసుకోలేదు.

మరునాడు అతడు ఫోను చేశాడు.

"ఏమప్పా, చదువుతాండావా? ఏమన్నా ఉండాయా?"

నోటుపుస్తకం నా మోకాలిమీదనే ఉంది.

"చదివినా," అన్నాను. "ఏమీ లేవప్పా. అంతా సరిగ్గానే ఉండాది."

"నువ్వన్నాక ఇంగ నాకు దిగుల్లేదు."

అటుతరువాత నాలుగు దినాలు నేను నా మనసుకు చెప్పుకొన్న సమాధానాలు చాలా ఉన్నాయి. చేత్తో కొట్టినవాడు చేతి ఫలం అనుభవింపవలెనన్నాను. లెక్కల సారు చెప్పలేదా అన్నాను. పట్టికలు అందంగా ఉన్నాయి కనుక చదువరులు చూచి మురిసిపోతారు, చూడుడులు ఎవరు చూస్తారన్నాను. అచ్చయిన తరువాత గ్రంథాలయం మేడమీద ఎవరో ఒకరు పుస్తకం తెరచి, ఎ ఎక్కడ, ఋ ఎక్కడ అని అడిగే క్షణాన్ని ఊహించుకొన్నాను. ఆ ఎవరో ఒకరి గొంతు ప్రతిసారీ నా గొంతువలెనే వినిపించింది. ఆ పుస్తకంలో అతని పదేండ్ల పని ఉంది. సంధి నిషేధం కోసం వెదికే విద్యార్థి ఒక్కసారి తప్పు చోటికి పోతే చాలు, మరల ఆ గ్రంథాన్ని నమ్మడు. వ్యాకరణ గ్రంథానికి అది మరణమే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే నాలుగు దినాలు ఊరకున్నాను.

శుక్రవారం అతడు మళ్ళీ ఫోను చేశాడు. కృతజ్ఞతలను కూడ పట్టికగానే వేశాడట. చదివి వినిపించాడు. "ఒకటోది నీదేనప్పా. 'అచ్చుప్రతులను ఆద్యంతమూ సరిచూచి, అక్షరక్రమాన్ని సమగ్రం చేసిన చిరకాలమిత్రునికి' అని పెట్టి, నీ పేరు. రెండోది లెక్కల సారుది. బాగుండాదా?"

బాగుందన్నాను. ఫోను పెట్టిన తరువాత, నన్ను నిలువనీయనిది స్నేహమో, తప్పులతో నిండిన గ్రంథానికి సరిచూచినవానిగా నా పేరు అచ్చుకావడమో నేను తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు. శనివారం ఉదయం మొదటి బస్సు పట్టుకొని నంద్యాల మీదుగా కడప చేరి, అక్కడినుంచి వేంపల్లె చేరాను. ఫోనులో చెప్పగలిగిన మాట కాదు.

ఇద్దరూ అదే గదిలో ఉన్నారు. నోటుపుస్తకం అతని ముందు పెట్టాను. మొదటి పుట చదివాడు. రెండవది చదివాడు. తెరమీద ఉత్వసంధి తెరచి, వేలితో అంశాలు లెక్కించాడు. ఏడు దగ్గర వేలు ఆగింది.

"ఎప్పుడు చూసినావు?" అని అడిగాడు.

"మూడోనాడే."

"మూడోనాడా? నేను ఫోను చేసింది..."

"నాలుగోనాడు. అప్పటికే తెలుసప్పా."

లెక్కల సారు లేచి, చాయ్ చెప్పి వస్తానని బయటికి పోయాడు. అతడు కళ్ళద్దాలు తీసి, పంచె చెరగుతో చాలాసేపు తుడిచాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండును. తుడిచిన అద్దాలు పెట్టుకొని మళ్ళీ తెరవైపు తిరిగాడు.

"ఋకారం తీసెయ్యప్పా," అన్నాను. "ఆ పంక్తిలోనుంచి రెండక్షరాలు తీసేస్తే శాలు. చూడుడులన్నీ పాత లెక్కకు సరిపోతాయి. సోమవారానికి ఇబ్బంది లేదు."

చాయ్ గ్లాసులతో వచ్చిన లెక్కల సారు గుమ్మంలోనే ఆ మాట విన్నాడు. "నిజమే. ఒక్క నిమిషం పని," అన్నాడు.

"ఉండండి సారూ." అతడు నా వైపు తిరిగాడు. "ఆపొద్దు మేడమీద అందరి ముందర నువ్వన్న మాట సరా, తప్పా? అది చెప్పు ముందు."

"అన్న తీరు తప్పు."

"తీరు సంగతి నేనడగల్యా. మాట?"

"అక్షరమాలలో ఋకారం ఉండవలసిందే. మాట సరే."

"సరైతే ఉండాల. నీకు కోపమొచ్చినా ఉండాల, నాకొచ్చినా ఉండాల." కుర్చీ ముందుకు లాక్కొన్నాడు. "సారూ, మీరు చెప్పిన లోపలి పేర్లు ఇప్పుడు పెడదాం. ఈయప్ప చదువుతాడు, నేను కొడతా."

"ఇప్పుడు వినబడిందా నా మాట?" అన్నాడు లెక్కల సారు, చాయ్ నా చేతికిస్తూ. "రెండేండ్లు పట్టింది పండితులూ, ఈయన చెవిలో పడేదానికి."

శనివారం మిగిలిన పగలూ, ఆదివారం పగలంతా అదే పని. నేను నోటుపుస్తకంలోనుంచి ఒక్కొక్కటే చదివాను. అతడు ప్రతి అంశానికీ ఒక లోపలి పేరు పెట్టి, చేత్తో కొట్టిన అక్షరాన్ని తీసి, ఆ పేరు వ్రాశాడు. ఉత్వ నిషేధమనీ, ఇత్వ వికల్పమనీ ఎంత చిన్న పేర్లు, ఎంత సరైన పేర్లు! నాకు తోచేవి కావు. మధ్యలో అతడు మాట్లాడినవన్నీ పనికి సంబంధించిన మాటలే. లెక్కల సారుతో మాత్రం ఒకటి రెండుసార్లు పరిహాసమాడాడు. నేను చదివే వేగం పెంచాను.

ఆదివారం పొద్దు వాలే వేళకు నోటుపుస్తకం చివరి పుటకు వచ్చాము. పుస్తకమంతా మరల కట్టించి చూశాము. ఋకారం ఏడవ స్థానంలో ఉంది, నిషేధం ఋకారంలో ఉంది, పంపవలసిన వాక్యం అక్కడికే పంపుతున్నది. ఎక్కడా ఒక అక్షరం అంచు దాటలేదు. అంత పని చేసి కూడ, ఆ పుటలు నావి కావుగదా అనిపించింది.

అప్పుడతడు కృతజ్ఞతల పుట తెరిచాడు. నా పేరున్న పంక్తి మొదటికి పోయి, మీట ఒక్కటే ఒక్కసారి నొక్కాడు. పుటను మళ్ళీ కట్టించాడు. నా పంక్తి లేదు.

"తుడిచేసినావా?" అన్నాను.

"తుడిచేయల్యా. దాని ముందర శాతం గుర్తు పెట్టినా. ఆ గుర్తున్న పంక్తిని యంత్రం చదవదు." అతడు నాకు కనబడేటట్టు తెరను నా వైపు తిప్పాడు. "రాసింది రాసినట్టే ఉండాది చూడు. అచ్చులో మాత్రం రాదు."

ఉంది. నా పేరు అక్షరం పోకుండా అక్కడే ఉంది. తెరమీద దాని పక్కనే, యంత్రం కట్టిన పుటలో, అంతవరకు ౨గా ఉన్న లెక్కల సారు పేరు ఎవరూ ముట్టుకోకుండానే ఒక మెట్టు పైకి జరిగి, ౧ అయింది.